గాలికి ఒరగని జీడి అంటు కావాలంటే వేరు మొక్కను పిక్క నుంచి ఎలా పెంచాలి

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం నుంచి అడిగిన సోదరుడి ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుకు పాత జీడి తోట పడిపోయింది. ఆ జాగాలో నర్సరీ నుంచి తెచ్చిన అంట్లు 2 ఎకరాల్లో నాటారు. కాపు బాగానే మొదలైంది గానీ, గట్టి గాలి వచ్చినప్పుడల్లా కొన్ని మొక్కలు మొదలుతో సహా ఒరిగిపోతున్నాయి. బయటి దేశాల్లో పీచ్ పండ్ల చెట్లకు చలిని తట్టుకునే మొండి రకాన్ని వేరు మొక్కగా, అంటే అంటుకు కింద వేరునిచ్చే మొక్కగా వాడతారని చదివారు. అలాంటి గట్టి రకం జీడికి ఉందా, ఖాళీ గుంటల్లో సొంతంగా పిక్కలు వేసి అంటు కట్టుకోవచ్చా, పడిన పాత చెట్ల మొదళ్ళకు వచ్చిన చిగుర్లు పనికొస్తాయా అన్నవి మూడు సందేహాలు.

సూటిగా చెప్తాను. కొని తెచ్చుకోవడానికి పేరున్న వేరు మొక్క రకమంటూ జీడికి మన జిల్లాలో వాడుకలో లేదు. ఏ నర్సరీలో కొన్నా కింద ఉండేది మామూలు జీడి పిక్క మొలకే. గాలికి చెట్టును నిలబెట్టేది తల్లివేరు. అది వంకర లేకుండా నిలువుగా కిందికి దిగిందా లేదా అన్నదే అసలు విషయం. కాబట్టి ఖాళీ అయిన గుంటల్లో పిక్కను నేరుగా గుంటలోనే వేసి, మొలిచిన మొక్క మీద అక్కడికక్కడే అంటు కట్టండి. సంచిలో పెంచిన అంటు కంటే శ్రమ ఎక్కువ, మొదటి ఏడాది కాపలా కూడా ఎక్కువే. కానీ ఉద్దానం తీరంలో కొత్తగా జీడి వేసే ఎవరికైనా నేను ఇదే చెప్తాను.

పీచ్ సంగతి అడిగారు కాబట్టి రెండు మాటలు. అమెరికాలో అయోవా నుంచి వచ్చిన బెయిలీ అనే పీచ్ రకం పిక్కలను చలి ఎక్కువ ఉండే ప్రాంతాల్లో వేరు మొక్కలకు వాడతారు. వేర్లను పాడుచేసే సన్నని నులిపురుగులు ఉన్న నేలల్లో నెమగార్డ్ అనే రకం వాడతారు. అక్కడ అది కుదరడానికి కారణం, పీచ్ పువ్వు చాలావరకు తన పుప్పొడితోనే పిందె కడుతుంది. అందుకే పిక్క నుంచి వచ్చిన మొక్కలు తల్లికి దగ్గరగా, ఒకదానికొకటి పోలికగా ఉంటాయి. జీడి అలా కాదు. పూగుత్తిలో మగ పూలు, ద్విలింగ పూలు కలిసి ఉంటాయి. ఈగలు, చీమలు, తేనెటీగలు ఒక చెట్టు పుప్పొడిని ఇంకో చెట్టుకు మోస్తాయి. ఒకే చెట్టు కింద ఏరిన పది పిక్కలు పది రకాల మొక్కలు ఇవ్వచ్చు. అందుకే కాపు కోసం అంటు తప్పదు, అందుకే వేరు మొక్కకు రకం పేరు చూసి కొనడం కుదరదు. పిక్కను ఏరడంలో, మొలిచాక బలహీనమైనవి తీసేయడంలోనే మన చేతనైన ఎంపిక ఉంది. (పీచ్ చెట్టుకు చలికాలంలో చాలా గంటల చల్లదనం కావాలి, మన తీరంలో అది దొరకదు. ఎవరైనా పీచ్ మొక్కలు అమ్మజూపితే డబ్బు పెట్టకండి.)

సంచి అంటు ఎందుకు ఒరుగుతుంది

జీడి మొలక పైకి కనబడే దానికంటే కిందికి చాలా వేగంగా పోతుంది. మొలిచిన కొద్ది వారాలకే తల్లివేరు 25 సెంటీమీటర్ల సంచి అడుగును తాకుతుంది. అక్కడి నుంచి దానికి రెండే దారులు. సంచి కన్నంలోంచి కింది నేలలోకి దిగిపోవడం ఒకటి, అడుగున చుట్టలు చుట్టుకోవడం ఇంకొకటి. నేలలోకి దిగిన వేరు సంచి ఎత్తినప్పుడు పుటుక్కున తెగుతుంది. చుట్టుకున్న వేరు నాటిన తర్వాత కూడా అదే చుట్టలో లావెక్కుతుంది, కిందికి దిగదు. పక్క వేర్లు పైపైన పరుచుకుంటాయి. నాలుగో ఏడు గొడుగు విప్పేసరికి పైన బరువు, కింద పట్టు లేదు. మన ఇసుక కలిసిన ఎర్ర నేల వర్షానికి తడిసి వదులైనప్పుడు తీరం గాలి ఆ చెట్టును మొదలుతో సహా లేపేస్తుంది.

దీనికి తోడు కాలం కూడా మనకు ఎదురు తిరుగుతుంది. వర్షాకాలంలో జూలై నుంచి సెప్టెంబరు దాకా కట్టిన అంట్లు అమ్ముడుపోయేది మరుసటి ఏడాది జూన్, జూలైల్లో. అంటే దాదాపు ఏడాది సంచిలోనే ఉంటాయి. అంటు 5, 6 నెలలకే నాటడానికి తయారవుతుంది. ఆ తర్వాత సంచిలో గడిచే ప్రతి నెలా వేరుకు నష్టమే.

మీ తోటలో ఒరిగిన మొక్కను ఒకదాన్ని తవ్వి చూడండి. మొదలు నుంచి జానెడు లోతులో వేరు కొక్కెంలా వంగి ఉందంటే కారణం సంచే. వేరు నిలువుగా దిగి, లోతులో గరప (గట్టి కంకర మట్టి) పొర దగ్గర ఆగి పక్కకు తిరిగి ఉంటే నేలది తప్పు. అప్పుడు గుంట లోతుగా తవ్వాలి. ఈ రెంటినీ విడదీసి చూడకుండా ఊరికే కొత్త అంట్లు నాటితే మళ్ళీ అదే జరుగుతుంది.

పిక్కల ఎంపిక

మన వైపు పిక్కలు మార్చి నుంచి మే దాకా రాలతాయి. అదే ఏడాది కాపులోంచి, మీకు తెలిసిన చెట్ల కింద, పండి తనంతట తాను రాలిన పండు నుంచి తీసిన పిక్కలే తీసుకోండి. వ్యాపారి దగ్గరి 80 కేజీల బస్తాలోంచి మాత్రం తేవద్దు. అందులో ఏ ఊరి పిక్కలో, ఏ ఏడాదివో, ఎంత లేతగా కోసినవో తెలియదు. పండు నుంచి లేతగా లాగేసిన పిక్క చూడ్డానికి బాగానే ఉంటుంది, మొలక మాత్రం సన్నగా వస్తుంది.

మీకు వీలైతే తిత్లీకి పడకుండా నిలిచిన, పిక్క నుంచి పెరిగిన పాత చెట్లు ఊళ్ళో ఎక్కడున్నాయో చూసి వాటి కింద ఏరండి. వాటి పిల్లలన్నీ అంతే గట్టిగా ఉంటాయని హామీ ఇవ్వలేను, పుప్పొడి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు కదా. కానీ మన నేలలో, మన ఉప్పు గాలిలో బతికిన తల్లి దగ్గర మొదలుపెట్టడం మంచిదే.

పిక్క మధ్యస్థంగా ఉండాలి, 5 నుంచి 8 గ్రాములది. మరీ పెద్ద పిక్కలు ఆలస్యంగా, ఒకేసారి కాకుండా మొలుస్తాయి. మరీ చిన్నవాటిలో మొక్కకు మొదటి నెల తిండి చాలదు. ఏరినవాటిని రెండు రోజులు ఎండలో ఆరబెట్టి గోనె సంచిలో దాచండి. పాలిథిన్ కవర్‌లో మూటకడితే చెమ్మ పట్టి బూజు వస్తుంది. వేసే ముందు బకెట్ నీళ్ళలో పోయండి. మునిగినవే విత్తనం, తేలినవి తీసి పక్కన పెట్టేయండి. తేలిందంటే లోపల పప్పు నిండలేదని అర్థం.

లెక్క ఇలా వేసుకోండి. 8 మీటర్ల దూరంలో ఎకరానికి సుమారు 63 గుంటలు పడతాయి. గుంటకు 3 పిక్కల చొప్పున 190. 6 గ్రాముల పిక్కలైతే కేజీ పైచిలుకు సరిపోతాయి. తేలేవి, మొలవనివి పోతాయి కాబట్టి 2 కేజీలు దగ్గర పెట్టుకోండి.

గుంట, విత్తడం

గుంట 60 సెంటీమీటర్లు పొడవు, వెడల్పు, లోతు. ఇసుక నేలైతే అంతే చాలు. అడుగున గరప గాని గట్టి పొర గాని తగిలితే గుంట మధ్యలో గునపంతో ఇంకో రెండు అడుగులు కిందికి పొడిచి ఆ కన్నాన్ని పైమట్టితో నింపండి. తల్లివేరుకు మనం తీసే దారి అదే. ఏప్రిల్, మే ఎండల్లో గుంటలు తీసి వదిలేసి, మొదటి వానలకు పైమట్టి, బాగా చివికిన గెత్తం (పశువుల పెంట ఎరువు) 10 కేజీలు, వేపపిండి ఒక కేజీ కలిపి నింపాలి. పచ్చి పెంట వేస్తే చెద వచ్చి మొలకను కొరికేస్తుంది. ఈ ఒక్క విషయంలో తొందర వద్దు. చివికిన గెత్తం దొరక్కపోతే ఉత్త పైమట్టితో నింపినా నయమే.

మృగశిర కార్తె వానలు పడి నేల లోతుగా తడిశాక విత్తండి. ముందురోజు పిక్కలను 24 గంటలు నీళ్ళలో నానబెట్టాలి, మధ్యలో ఒకసారి నీళ్ళు మార్చాలి. పెంకులో ఉండే జీడి రసం ఒంటికి తగిలితే చర్మం పొక్కుతుంది. చేతులకు కొబ్బరి నూనె రాసుకునో గ్లౌజులు వేసుకునో పని చేయండి.

పిక్కను పెట్టే తీరు ముఖ్యం. పండుకు అంటుకుని ఉన్న చోట పిక్కకు ఒక మచ్చ ఉంటుంది. ఆ మచ్చ పైకి వచ్చేలా, కాస్త ఏటవాలుగా, 2 నుంచి 2.5 సెంటీమీటర్ల లోతులో పెట్టండి. తలకిందులుగా పెడితే వేరు పైకి వచ్చి మెలి తిరిగి కిందికి పోతుంది, కాండం మొదట్లోనే వంకర పడుతుంది. మనం ఇంత కష్టపడి తప్పించుకుంటున్న వంకర అదే. మూడు పిక్కల మధ్య జానెడు దూరం ఉండాలి. పైన పల్చగా గడ్డి కప్పి, మొలకలు తల ఎత్తగానే తీసేయండి. 15 నుంచి 20 రోజుల్లో మొలుస్తాయి. పప్పు బద్దలు రెండూ మట్టి పైకి వస్తాయి. ఉడతలు, ఎలుకలు వాటి కోసమే కాచుకుని ఉంటాయి. ముళ్ళ కంప గాని, ఇనుప వల ముక్క గాని గుండ్రంగా పెట్టండి. బద్దలు కోల్పోయిన మొక్క బతికినా అంటు కట్టే లావు రాదు.

నెల దాటాక మూడింట్లో ఒక్కదాన్నే ఉంచాలి. ఎత్తు చూసి ఎంచకండి. నీడలో సాగిన మొక్క కూడా ఎత్తుగానే ఉంటుంది. కాండం నిటారుగా, ఒంటిగా, కణుపుల మధ్య దూరం తక్కువగా ఉన్నదాన్ని ఉంచి మిగతావి మొదట్లో కత్తిరించేయండి. పీకితే పక్క మొక్క వేరు కదులుతుంది.

ఈ రెండు నెలల్లో నీళ్ళు నిలిచే గుంటలే పెద్ద సమస్య. మొదలు మెత్తబడి మొక్క వాలిపోతే అది కుళ్ళు తెగులు. గుంట పైభాగం చుట్టుపక్కల నేల కంటే నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉండాలి. తెగులు కనబడితే 1 శాతం బోర్డో మిశ్రమం మొదలు చుట్టూ పోయండి. లీటరు నీటికి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం. విడివిడిగా కరిగించి తర్వాత కలపాలి, ఇనుప పాత్ర వాడకూడదు, చేసిన రోజే వాడేయాలి.

అంటు పుల్ల

పై భాగానికి, అంటే మొక్క మీద అతికించే పుల్లకు, రకం ఎంచుకునే స్వేచ్ఛ మీకుంది. బాపట్ల జీడిమామిడి పరిశోధన స్థానం విడుదల చేసిన బీపీపీ-8 మన కోస్తాకు బాగా నప్పుతుంది. పిక్క సుమారు 8 గ్రాములు తూగుతుంది, పప్పు డబ్ల్యూ 210 గ్రేడు వస్తుంది. అంటే పౌండు బరువుకు 200 నుంచి 210 గుండ్లు (విరగని పప్పులు). పలాస మార్కెట్లో గుండు సైజును బట్టే ధర కాబట్టి ఇది చిన్న విషయం కాదు. మీ ఊళ్ళోనే ఏటా నమ్మకంగా కాసే మంచి చెట్టు ఉంటే దాని పుల్లలూ వాడొచ్చు. కానీ ఒక్క ఏడాది కాపు చూసి చెట్టును నమ్మకండి.

పుల్ల ఎలా ఉండాలంటే: ఈ ఏడాది వచ్చిన పక్క కొమ్మ, వయసు 3 నుంచి 5 నెలలు, పూత పూయనిది, పెన్సిలు లావు, 10 నుంచి 12 సెంటీమీటర్ల పొడవు. చివర మొగ్గ ఉబ్బి గట్టిగా ఉండాలి, విచ్చుకోకూడదు. కోయడానికి 7 నుంచి 10 రోజుల ముందు చెట్టు మీదే ఆ కొమ్మ ఆకులను కత్తిరించి, తొడిమలు మాత్రం ఉంచాలి. ఆకులు పోయేసరికి కొమ్మలోని సారమంతా మొగ్గలోకి చేరుతుంది. వేలితో తాకగానే తొడిమ రాలిపోతోందంటే పుల్ల తయారైనట్టు. ఈ పని మానేసి ఆకులున్న కొమ్మను అప్పటికప్పుడు కోసి కడితే సగానికి పైగా పోతాయి. సొంతంగా అంటు కట్టుకున్న వాళ్ళు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే.

పొద్దున ఎండ ముదరక ముందే కోసి, తడి గోనెలో చుట్టి, అదే రోజు కట్టేయండి. దూరం నుంచి తెస్తే తడి గుడ్డలో చుట్టి పాలిథిన్ కవర్‌లో పెట్టి నీడలో ఉంచితే మూడు రోజులు ఆగుతాయి. అంతకు మించి వద్దు. 63 గుంటలకు 80 పుల్లలు సిద్ధం చేసుకోండి.

అంటు కట్టడం

జూన్ రెండో వారంలో విత్తితే మఖ, పుబ్బ కార్తెల్లో, అంటే ఆగస్టు మూడో వారం నుంచి సెప్టెంబరు రెండో వారం లోపు మొక్క అంటుకు వస్తుంది. సంచి మొక్కకు 40 నుంచి 60 రోజులకే కడతారు. గుంటలో మొక్క ఎండావానలకు పెరుగుతుంది కాబట్టి నేను 60 రోజులు దాటనిస్తాను. వయసు కంటే కాండం చూడండి. కోసే చోట ఇంకా పచ్చగా, గోరు దిగేంత మెత్తగా ఉండాలి, పుల్ల లావుకు సరిపోవాలి. గోధుమరంగు బెరడు వచ్చేసిందంటే ఆ ఏడాదికి దాటిపోయింది.

వానలేని రోజు, పొద్దునపూట మొదలుపెట్టండి. కింది ఆకులు రెండు జతలు ఉంచి, నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తులో మొక్క తల అడ్డంగా కోయండి. పదునైన కత్తి గాని కొత్త బ్లేడు గాని కావాలి, ఒక మొక్క నుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు స్పిరిట్‌తో తుడవాలి. కోసిన వెంటనే జీడి పాలు ఊరుతాయి. శుభ్రమైన తడి గుడ్డతో అద్ది తీసేయండి. ఆ పాలు ఆరి నల్లటి పొర కడితే రెండు బెరడులు కలవవు. కాండం నడిమధ్య నుంచి కిందికి 6, 7 సెంటీమీటర్ల చీలిక ఇవ్వండి. పుల్ల కింది చివర అంతే పొడవు రెండు వైపులా ఒకే కత్తి వేటుతో చెక్కండి, గడ్డపార మొనలా కిందికి పోను పలచబడాలి. ఒక్కో వైపు రెండు మూడు సార్లు చెక్కితే ఎగుడుదిగుడై మధ్యలో గాలి మిగులుతుంది. చెక్కిన భాగానికి వేలు తగలనివ్వకండి.

పుల్లను చీలికలోకి దించండి. లావులు సరిపోతే రెండు వైపులా బెరడు బెరడును కలుస్తుంది. పుల్ల సన్నగా ఉంటే మధ్యలో పెట్టకండి, ఒక వైపుకు జరిపి ఆ వైపు బెరడు కచ్చితంగా కలపండి. ఒక్క వైపు కలిసినా అంటు అతుకుతుంది, మధ్యలో ఉంటే ఏ వైపూ కలవదు. తర్వాత 1.5 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవున్న పల్చని పాలిథిన్ పట్టీతో కింద నుంచి పైకి, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు వచ్చేలా లాగి కట్టండి. కింద నుంచి చుడితే వాన నీరు జారిపోతుంది. చివరగా పుల్ల మీద లోపల తడి చేసిన సన్నని పాలిథిన్ గొట్టం టోపీలా తొడిగి అతుకు కింద ముడి వేయండి. మొగ్గకు టోపీ తగలకూడదు.

నర్సరీలో నీడ ఉంటుంది, మీ తోటలో ఉండదు. తేడా అంతా ఇక్కడే వస్తుంది. టోపీ మీద మధ్యాహ్నం ఎండ నేరుగా పడితే లోపల పుల్ల ఉడికిపోతుంది. దక్షిణం, పడమర వైపు తాటాకు గాని కొబ్బరి కమ్మ గాని గుచ్చి నీడ చేయండి.

10 నుంచి 15 రోజుల్లో మొగ్గ పచ్చగా కదులుతుంది. అప్పుడు టోపీ ఒకేసారి లాగేయకండి. సాయంత్రం పూట కింది ముడి విప్పి వదిలేసి, రెండు రోజుల తర్వాత మళ్ళీ సాయంత్రమే తీసేయండి. తాటాకు నీడ ఇంకో రెండు వారాలు ఉండనివ్వాలి. అతుకు పట్టీని మాత్రం మూడు నెలల దాకా తాకొద్దు. ఆ తర్వాత తప్పకుండా విప్పాలి, మరిస్తే కాండంలోకి కోసుకుపోయి అక్కడే విరుగుతుంది.

చచ్చిన అంటు ఎలా చచ్చిందో చూస్తే కారణం దొరుకుతుంది. వారం లోపే పుల్ల నల్లబడితే జీడి పాలు తుడవలేదు, లేదా టోపీలోకి నీరు దిగింది. పుల్ల నెలరోజులు పచ్చగానే ఉండి మొగ్గ కదలకపోతే పుల్ల లేతది లేదా ఆకులు ముందుగా కత్తిరించనిది. చిగురు వేసి రెండు మూడు ఆకులు విప్పి వాడిపోతే పుల్ల తనలో ఉన్న సారంతో చిగిర్చింది, కింద అతుకు కలవలేదు. అతుకు కింద నుంచి చిగుర్లు గట్టిగా వస్తూ పైన మందగిస్తే కింది చిగుర్లను వారం వారం గిల్లేయాలి. అలా వదిలేస్తే ఏడాదికి మీ తోటలో నాటు జీడి చెట్టే మిగులుతుంది, అంటు ఉండదు.

పోయిన గుంటల్లో మొక్క పోలేదు గమనించండి, వేరు కింద దిగుతూనే ఉంది. అతుకు కింద చిగురు ఒక్కటి ఉంచి పెరగనివ్వండి. మరుసటి జూన్‌లో దాన్ని మోకాలెత్తుకు కత్తిరిస్తే కొత్త చిగుర్లు వస్తాయి. 40, 50 రోజుల చిగురు మీద మళ్ళీ ఇదే పద్ధతిలో కట్టొచ్చు. నర్సరీ అంటుకు లేని వెసులుబాటు ఇది.

అక్టోబరు వచ్చేసరికి అతుకు ఇంకా పచ్చిదే. మనకు తుఫాన్లు వచ్చేదీ అప్పుడే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. ప్రతి అంటు పక్కన గట్టి కర్ర పాతి, అతుకుకు పైన ఒకటి, కింద ఒకటి ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి. ఒకే చోట బిగించి కడితే గాలికి సరిగ్గా అక్కడే విరుగుతుంది.

మొదటి రెండేళ్ళు వచ్చిన పూగుత్తులన్నీ తుంచేయండి. కాండాన్ని 75 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఒంటిగా పెంచి, ఆ పైన కొమ్మలు నాలుగు దిక్కులా వదలండి. నీళ్ళు పోసేటప్పుడు రోజూ మొదట్లో కాస్త కాస్త పోయకండి, వేరు పైపైకి వస్తుంది. వేసవిలో వారానికి ఒకసారి, మొదలుకు అడుగు దూరంలో, నిండా తడిసేలా పోసి ఆకులు కప్పండి. సముద్రం వైపు గట్టు మీద సరుగుడు రెండు వరుసలు వేస్తే గాలి ఉరవడి తగ్గుతుంది.

సంచి అంట్లే కొనాల్సి వస్తే

పశువుల బెడద ఎక్కువైనా, కాపలా కుదరకపోయినా సంచి అంటు తప్పదు. కట్టి 6 నెలలు దాటనివి అడగండి. సంచిని పక్కకు జరిపి అడుగు చూడండి. కన్నంలోంచి లావు వేరు బయటికి వచ్చి తెగి ఉంటే వదిలేయండి. నాటేటప్పుడు సంచి నిలువునా కోసి మట్టి ముద్ద చూడండి. అడుగున వేరు చుట్ట ఉంటే విప్పే ప్రయత్నం చేయకండి, ఆ చుట్ట మొదలయ్యే చోట పదునైన కత్తితో నేరుగా కోసేయండి. కోసిన చోటు నుంచి కొత్త వేర్లు కిందికి దిగుతాయి. అతుకు నేలకు 5 సెంటీమీటర్లు పైనే ఉండాలి.

ఇప్పటికే ఒరిగిన మీ మొక్కల సంగతి. ఒరిగి వారం లోపే అయితే, నేల తడిగా ఉండగానే కొమ్మల్లో మూడో వంతు కత్తిరించి, మెల్లగా లేపి, గాలి వచ్చే వైపు నుంచి తాడు కట్టి, మొదట్లో మట్టి ఎగదోయండి. నెలలు దాటిపోతే లేపకండి. ఆ వాలులోనే కొత్త వేర్లు దిగి ఉంటాయి, లేపితే అవీ తెగుతాయి. ఒరిగిన వైపు కొమ్మలు తగ్గించి బరువు సరిచేస్తే చాలు.

పాత మొదళ్ళ చిగుర్లు

ఇది చెట్టును బట్టి ఉంటుంది. వేర్లలో సగమైనా నేలలోనే ఉండి, మొదలు పచ్చిగా ఉంటే ఆ చిగుర్ల మీద పైన చెప్పిన పద్ధతిలోనే అంటు కట్టొచ్చు. పాత వేరు మీద కాబట్టి రెండో ఏడుకే కాపుకొస్తుంది. కానీ ముందు మొదలు చుట్టూ మట్టి తీసి చూడండి. బెరడు మీద చిన్న కన్నాలు, బంక కారడం, చెక్క పొట్టు లాంటి పిప్పి కనిపిస్తే కాండం, వేరు తొలిచే పురుగు ఉన్నట్టే. ఉద్దానంలో పాత తోటలను తుఫాను తర్వాత ఎక్కువగా తినేసింది ఈ పురుగే. పడిన, చీలిన చెట్టు మొదళ్ళలో అది గుడ్లు పెడుతుంది. పిప్పి కొంచెమే ఉంటే ఉలితో బెరడు తీసి పురుగులను ఏరి చంపి, లీటరు నీటికి 50 మిల్లీలీటర్ల వేప నూనె, కాస్త సబ్బు కలిపి మొదలంతా పూయండి, మూడు నెలలకోసారి చూస్తూ ఉండండి. బెరడు చుట్టూ సగానికి పైగా తిని ఉంటే దాని మీద అంటు కట్టడం దండగ. మొదలును వేర్లతో సహా పెకిలించి, తోట బయటికి తీసుకెళ్ళి కాల్చేయండి. తోటలోనే వదిలేస్తే అందులో పెరిగిన పురుగులు మీరు కొత్తగా కట్టిన అంట్లు లావెక్కే నాటికి వాటి మీదికి వస్తాయి. ఆ గుంటలో ఈ వేసవికి ఎండ తగలనిచ్చి, జూన్‌లో పక్కకు రెండు మీటర్లు జరిపి పిక్కలు వేయండి.